చేయబడినవీ, చేసినవాళ్ళూ

పోటీ పరీక్షల తెలుగులో మనుషులు పనులు చెయ్యరు. పనులే చేయబడతాయి. చట్టం రూపొందించబడింది, కమిటీ నియమించబడింది, సారా నిషేధించబడింది, మార్గదర్శకాలు జారీ చేయబడ్డాయి, స్థానిక సంస్థల్లో మహిళలకు రిజర్వేషన్లు కల్పించబడ్డాయి. ఇంట్లోగానీ బజార్లోగానీ పొలంలోగానీ ఎవరమూ ఇలా మాట్లాడం. 'అన్నం వండబడింది, రండి' అని ఏ ఇంట్లోనూ పిలవరు. అయితే 'వంట అయిందా?' అని మాత్రం అన్ని ఇళ్ళలోనూ అడుగుతారు. ఎండ వచ్చినట్టు, చీకటి పడినట్టు వంట దానంతటదే అవుతుంది. వండిన మనిషి ఆ వాక్యంలో ఉండదు. అందుకేనేమో, జనరల్ స్టడీస్ నోట్సులో కర్త మాయమవడం చాలామంది అమ్మాయిలకు వింతగా తోచదు. కర్త లేని వాక్యాల మధ్యనే వాళ్ళు పెరిగారు.

ఒక పని జరిగిందని తెలిసి, చేసిందెవరో తెలియకపోతే, ఆ పని గురించి మనకు తెలిసినట్టేనా? ఇది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో నీతికి సంబంధించిన ప్రశ్న. రేపు అధికారపు కుర్చీల్లో కూర్చోబోయేవాళ్ళు చదివే చదువు గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి మరీను.

నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. పోటీ పరీక్షలతో నాకు ప్రత్యక్ష సంబంధం లేదు. 2024 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-2 పరీక్ష జరిగింది. దానికి ముందు, హాస్టల్ రోజుల్లో పరిచయమైన ఒకమ్మాయి 'అక్కా, స్త్రీల ఉద్యమాల టాపిక్ ఒక్కసారి రివిజన్ చేయించు' అని అడిగితే, కొన్ని ఆదివారాలు అశోక్‌నగర్‌లో వాళ్ళ గదిలో కూర్చున్నాను. నాలుగు మంచాలు, గోడ నిండా అంటించిన చార్టులు, జిరాక్స్ సెంటర్ నుంచి తెచ్చిన స్పైరల్ బైండింగులు, ప్రతి పేజీలో మూడు రంగుల హైలైటర్ గీతలు. ఆ పరీక్షలో నాలుగు పేపర్లు, పేపరుకి 150 ప్రశ్నలు. రెండో పేపర్లో చరిత్ర, రాజ్యాంగంతో పాటు సమాజ నిర్మాణం, సామాజిక సమస్యలు, ప్రభుత్వ విధానాలు ఒక భాగం. స్త్రీల మీద హింస, స్త్రీల ఉద్యమాలు అందులోనే వస్తాయి. యూపీఎస్సీ మెయిన్స్ మొదటి జనరల్ స్టడీస్ పేపరు సిలబస్‌లో అయితే స్త్రీల పాత్ర, స్త్రీల సంస్థలు అన్న మాటల వెనకే, అదే వరసలో, జనాభా సమస్యలు, పేదరికం, పట్టణీకరణ ఉంటాయి. మనం ఎవరి పక్కన కూర్చున్నామో ఆ ఒక్క వరస చెబుతుంది.

ఆ నోట్సుల్ని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. పరీక్ష రాయాల్సిన అవసరం లేని చోట కూర్చుని 'ఇదేం చదువు, బట్టీ చదువు' అనడం చాలా సులువు. ఆ గదిలో రివిజన్ అంటే ఏమిటో చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు. దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్ళీ ప్రిలిమ్స్. చదివిందే నాలుగోసారి చదవడం మగపిల్లలకూ నరకమే. కానీ ఆడపిల్లకి ప్రతి వాయిదా వెనక ఇంటి నుంచి ఒక ఫోను ఉంటుంది. 'ఇంకెన్నాళ్ళు' అన్న ప్రశ్న ఉంటుంది. చూపులకు వస్తామన్న ఒక కుటుంబం ఉంటుంది. ఆ గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురు తమ పెళ్ళిని ఒక నోటిఫికేషన్ నుంచి ఇంకో నోటిఫికేషన్‌కి తోసుకుంటూ వస్తున్నవాళ్ళే. వాళ్ళకు ఆ బిట్లు కాలక్షేపం కావు, కాళ్ళ కింద నేల. కాబట్టి నా ప్రశ్న వాళ్ళ కష్టం మీద కాదు. అంత కష్టపడి వాళ్ళు గుండెకెక్కించుకుంటున్న వాక్యాల మీద.

దూబగుంటనే తీసుకుందాం. నోట్సులో ఇలా ఉంది: 'నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం ప్రారంభమైనది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధించబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలు చేయబడి, 1997లో ఎత్తివేయబడినది.' నాలుగు క్రియలున్నాయి, ఒక్క కర్త లేదు. ఉద్యమం కూడా మొలకలాగా దానంతటదే ప్రారంభమైంది. జరిగిందేమిటో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 'అక్షరదీపం' రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు వాచకంలో 'సీతమ్మ కథ' చదివారు. అందులో తమ ఇంటి సంగతే ఉందని పోల్చుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పనే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠం అయింది. ఆ పాఠం చదివి ఇంకో ఊరి ఆడవాళ్ళు లేచారు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటల్ని జరగనివ్వకుండా అడ్డుకున్నారు.

ఈ రెండు చదువుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకటి వయోజన విద్య వాచకం. దానికి పరీక్ష లేదు, ర్యాంకు లేదు, ఉద్యోగం లేదు. చదివినవాళ్ళు అక్షరాలు కూడబలుక్కుని చదివినవాళ్ళు. అయినా ఆ పాఠం పేరులోనే కర్త ఉంది, ఆడవాళ్ళు. చదివిన మనిషి ఆ స్థానంలో తనను పెట్టుకోగలిగింది. రెండోది డిగ్రీలు, పీజీలు చేసినవాళ్ళు చదివే మెటీరియల్. సంగతి అదే, ఊరు అదే, తేదీలు ఇంకా పక్కాగా ఉన్నాయి. కానీ చదివే అమ్మాయి తనను పెట్టుకోవడానికి ఆ వాక్యంలో చోటు లేదు. మొదటి చదువు చదువుకున్న మనిషిని ఇంట్లోంచి బయటికి తెచ్చింది. రెండో చదువు బయట జరిగినదాన్ని పుస్తకంలోకి తెచ్చి మూసేసింది.

'అక్కా, చోటు ఉండదు కదా, కుదించాలి కదా' అన్నారు అమ్మాయిలు. న్యాయమైన మాట. ఏ చదువైనా కుదించక తప్పదు. పాట కుదిస్తుంది, సామెత కుదిస్తుంది, నా పరిశోధన గ్రంథం కూడా కొన్ని జీవితాల్ని నాలుగు వందల పేజీలకు కుదించిందే. కానీ 'దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు' అన్నది ఎంత పొడుగు వాక్యం? 'దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం ప్రారంభమైనది' అన్నదానికంటే ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. కాగితం మీద లెక్కపెట్టి చూశాం. కాబట్టి కర్త పోయింది చోటు చాలక కాదు. ఎవరి చేతుల మీదుగా లోకం నడుస్తుందన్న విషయంలో ఆ నోట్సుకి ఒక అభిప్రాయం ఉంది. ప్రభుత్వాలు ఇస్తాయి, కోర్టులు ఆదేశిస్తాయి, ప్రజలు పొందుతారు. అభిప్రాయమని ఎక్కడా రాయకుండానే ఆ అభిప్రాయం మన మెదళ్ళలోకి వెళ్ళిపోతుంది.

విశాఖ తీర్పు ఇంకా లోతైన ఉదాహరణ. పని స్థలంలో లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997లో మార్గదర్శకాలు ఇచ్చిందనీ, 2013లో చట్టం వచ్చిందనీ ఆ గదిలో నలుగురికీ కంఠతా వచ్చు. విశాఖ అంటే ఏమిటని అడిగితే ఒకమ్మాయి విశాఖపట్నం కేసనుకుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆమె చదివిన ఏ పేజీలోనూ అది రాజస్థాన్‌కి చెందిన ఒక సంస్థ పేరని లేదు. భన్వరీ దేవి పేరు అసలే లేదు. జైపూర్ దగ్గర భటేరీ గ్రామంలో, వెనకబడిన కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి, రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసేది. బాల్యవివాహాన్ని ఆపబోయింది. అది ఆమె ఉద్యోగం. దానికి శిక్షగా 1992లో పై కులాల మగవాళ్ళు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారని ఆమె ఫిర్యాదు చేసింది. 1995లో కింది కోర్టు అత్యాచారం నేరం రుజువు కాలేదని నిందితుల్ని వదిలేసింది. ఆమెకు దక్కని న్యాయం నుంచి దేశంలోని ఉద్యోగినులందరికీ ఒక రక్షణ వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పు పాఠంలో కూడా ఆమె పేరు లేదు. రాజస్థాన్‌లోని ఒక గ్రామానికి చెందిన సామాజిక కార్యకర్త అని మాత్రమే ఉంటుంది.

బాధితురాలి పేరు దాచడం ఆమెకు రక్షణ అని ఎవరైనా అనవచ్చు. చాలా సందర్భాల్లో అది నిజం, అవసరం కూడా. కానీ భన్వరీ దేవి తానే పేరుతో, ముఖంతో బయటికి వచ్చి నిలబడింది. ఆమె దాచుకోని పేరును మనం దాచడం రక్షణ ఎలా అవుతుంది? పైగా ఈ పరీక్ష రాసేవాళ్ళు ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. భన్వరీ దేవి ప్రభుత్వం కోసం పనిచేసిన మనిషి. ప్రభుత్వ యంత్రాంగంలో అన్నిటికన్నా కింది మెట్టు మీద, ప్రభుత్వం చెప్పిన పనినే, ఊరంతా వద్దన్నా చేసిన మనిషి. అదే యంత్రాంగంలో పై మెట్టు కోసం పోటీపడే అమ్మాయికి ఆమె ఒక రకంగా సహోద్యోగి. ఆ బంధుత్వం బిట్టులో పోయింది.

అలాగని పేరు చేర్చినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదని ఐలమ్మ విషయంలో అర్థమైంది. తెలంగాణ వచ్చాక సిలబస్‌లో ఆమెకు గౌరవమైన చోటు దొరికింది. 'చాకలి ఐలమ్మ అసలు పేరేమి?' చిట్యాల ఐలమ్మ. 'ఆమె ఏ దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది?' విసునూరు రామచంద్రారెడ్డి. 'ఏ గ్రామం?' పాలకుర్తి. పేరుంది, ఊరుంది, ప్రత్యర్థి ఉన్నాడు. కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం తోడుతో ఆ వడ్లను ఇంటికి చేర్చుకున్న పని మాత్రం లేదు. దూబగుంట బిట్టులో క్రియ ఉండి కర్త లేదు. ఇక్కడ కర్త ఉండి క్రియ లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆ పోరాట స్త్రీల పేర్ల జాబితా వెయ్యలేదు. వాళ్ళు ఏం చేశారో, పోరాటం ఆగిపోయాక వాళ్ళకు ఏమైందో వాళ్ళ నోటితోనే చెప్పించింది. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళను తిరిగి ఇళ్ళకే పొమ్మన్న చేదు కూడా అందులో ఉంది. ఆ చేదును నాలుగు ఆప్షన్లలో ఎక్కడ పెడతాం?

'మొదటి మహిళ' బిట్లన్నీ ఇలాంటివే. మొదటి మహిళా ఐఎఫ్‌ఎస్ అధికారి సి.బి. ముత్తమ్మ, 1949. ఇది అందరికీ వచ్చు. అదే సర్వీసు 1961 నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళి తర్వాత సంసార బాధ్యతలు ఉద్యోగానికి అడ్డొస్తాయని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చెయ్యమనవచ్చు. పెళ్ళయిన స్త్రీకి ఆ సర్వీసులో నియామకం హక్కుగా దక్కదు. ముత్తమ్మ తనకు రావలసిన పదోన్నతి రాకపోతే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఈలోగా ప్రభుత్వం పదోన్నతి ఇచ్చింది కాబట్టి 1979లో పిటిషన్ కొట్టేస్తూనే, జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల్లోని వివక్షను గట్టిగా ఎత్తిచూపారు. 'మొదటి మహిళ' అన్న బిరుదు మనకు తలుపు తెరుచుకున్న సంవత్సరం చెబుతుంది. లోపలికి వెళ్ళాక ముప్పై ఏళ్ళు ఏం జరిగిందో చెప్పదు. పెళ్ళిని నోటిఫికేషన్ల మధ్య తోసుకుంటూ వచ్చే అమ్మాయిలకు ఆ రెండోదే ఎక్కువ కావాలని నాకనిపిస్తుంది. ఆ సంగతి చెప్పిన రోజు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి, 'అంటే అప్పుడు ప్రభుత్వం కూడా మా నాయన లాగనే అన్నదన్నట్టు' అంది.

ఇక్కడిదాకా నా వాదన సాఫీగానే నడిచింది. అడ్డం తిరిగింది ఎక్కడంటే, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి దగ్గర. 'అక్కా, నువ్వు కర్త కర్త అంటున్నవ్. మా అమ్మ పింఛను కోసం ఆఫీసుకు పోతే మీది ఏ వాడ అని అడిగిన్రు. పేరు చెప్తే పని కాలేదు. నాకైతే పేరు అడగని కాయితమే ఇష్టం. ఓఎంఆర్ షీటుకు నా వాడ తెల్వదు. నాలుగు గళ్ళల్ల ఒకటి దిద్దితే చాలు' అంది. ఆ రోజు నేను దానికి జవాబు చెప్పలేదు. చాలా రోజులు ఆ మాటతోనే ఉన్నాను.

ఆమె చెప్పింది పెద్ద మాట. కర్త లేని వ్యాకరణం కేవలం అణచివేత కాదు. దళిత స్త్రీకి అది ఒక రక్షణ కూడా. చట్టం ముందు అందరూ సమానమని రాజ్యాంగం అన్నప్పుడు దాని అర్థం, నువ్వెవరు అని అడగకుండా నీకు రావలసింది ఇవ్వడమే. ఆ అజ్ఞాతం కోసం తరాలుగా ఎదురుచూసినవాళ్ళ ముందు నిలబడి, నాలాంటివాళ్ళు వాక్యంలో మనిషి పేరు లేదని వాపోతే వాళ్ళకు ఎలా వినిపిస్తుంది?

ఆలోచించగా నాకు తోచింది, ఇవి రెండు వేర్వేరు మరుపులని. అడగవచ్చినవాళ్ళు ఎవరో పట్టించుకోకపోవడం ఒకటి. అది న్యాయం. ఆ అడిగే హక్కును ఎవరు సాధించారో పట్టించుకోకపోవడం ఇంకొకటి. అది కృతఘ్నత అనొచ్చు, అంతకంటే ప్రమాదకరమైనది కూడా. ఎందుకంటే మొదటి మరుపు నిలబడాలంటే రెండో మరుపు ఉండకూడదు. ఏ వాడ అని అడగకూడదన్న నియమం దానంతటదే రాలేదు. ఆ ప్రశ్నకు తలవంచనివాళ్ళు ఉన్నారు కాబట్టి వచ్చింది. వాళ్ళను మరిచిపోయిన అధికారికి ఆ నియమం పైవాళ్ళు పెట్టిన షరతులా కనిపిస్తుంది, వీలైనప్పుడల్లా సడలించుకోగలిగిన షరతులా. వాళ్ళు గుర్తున్న అధికారికి అది ఎవరో తన చేతికిచ్చిన అప్పులా కనిపిస్తుంది. ఆ తర్వాతి ఆదివారం ఈ మాటే ఆమెతో అన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. 'అప్పు తీర్చాల్నంటే ముందు ఉద్యోగం రావాలె గదక్కా' అంది. ఆ మాటా నిజమే.

యూపీఎస్సీ 2013 నుంచి నీతిశాస్త్రానికి 250 మార్కుల పేపరు ప్రత్యేకంగా పెట్టింది. బలహీన వర్గాల పట్ల సహానుభూతి, సహనం, కరుణ అందులో సిలబస్. కేస్ స్టడీలుంటాయి. 'మీరు ఒక జిల్లా కలెక్టరు, మీ ముందు ఈ సమస్య వచ్చింది, ఏం చేస్తారు?' అన్న తరహాలో నడుస్తాయి. అభ్యర్థి ఎప్పుడూ బల్లకు ఆవలివైపే ఉంటుంది. 'మీరు ఒక సాథిన్. మీ ఊళ్ళో పసిపిల్లకు పెళ్ళి జరుగుతోంది. ఆపితే ఊరు మిమ్మల్ని వెలి వేస్తుంది, ఆపకపోతే మీ ఉద్యోగ ధర్మం తప్పుతుంది' అని ప్రశ్న ఇస్తే ఎలా ఉంటుంది? నిజాయితీ, ధైర్యం, కర్తవ్యం అన్న మాటలకు ఇంతకంటే మంచి పరీక్ష ఏముంది? సహానుభూతి అంటే కిందికి చూసి జాలిపడడం కాదని మనమంతా రాస్తాం. కానీ కిందనున్న మనిషి నైతికంగా తనకంటే కష్టమైన నిర్ణయం తీసుకోగలదన్న ఊహ ఆ ప్రశ్నల్లో నాకు కనిపించలేదు.

రివిజన్ అన్న మాటను స్త్రీవాద విమర్శ ఇంకో అర్థంలో వాడుతోంది. ఆడ్రియన్ రిచ్ 1971 నాటి వ్యాసంలో ఆ మాటను మధ్యకు విరిచి, పాత పాఠాన్ని కొత్త కళ్ళతో మళ్ళీ చూడడమన్న అర్థమిచ్చారు. సాహిత్య విద్యార్థులం దాన్ని ఎన్నో సెమినార్లలో చెప్పుకున్నాం. అశోక్‌నగర్ గదుల్లో రివిజన్ అంటే అవే కళ్ళతో, అంతకుముందుకంటే వేగంగా చూడడం. ఈ రెండూ ఒకే గదిలో ఇమడవని నేననుకోను. చివరి రెండు ఆదివారాలు మేం చేసింది చిన్న పని. నోట్సులో 'బడింది' అని వచ్చిన చోటల్లా ఎవరు అని అడిగి, దొరికిన జవాబును మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాం. కొన్నిచోట్ల జవాబు నిజంగానే ప్రభుత్వం. కొన్నిచోట్ల ఒక మనిషి. చాలాచోట్ల పేర్లు దొరకని కొందరు ఆడవాళ్ళు. 'ఇలా చదివితే మార్కులొస్తాయా?' అని అడిగారు. ఆబ్జెక్టివ్ పేపర్లో దీనివల్ల ఒక్క మార్కు రాదు, పోదు కూడా. బాగానే గుర్తుంటోందని మాత్రం ఇద్దరన్నారు.

ఈ వ్యాకరణం పరీక్షతో అయిపోదు కాబట్టే ఇదంతా. ఉద్యోగంలో చేరాక ఆ అమ్మాయి చేతికి వచ్చే ఫైళ్ళన్నీ ఇదే తెలుగులో ఉంటాయి. 'లబ్ధిదారులు గుర్తించబడ్డారు', 'ఆక్రమణలు తొలగించబడ్డాయి', 'కొందరు మహిళలచే ఆందోళన నిర్వహించబడినది, ప్రస్తుతం పరిస్థితి అదుపులో ఉన్నది.' వీటిని తప్పుల్లేకుండా చదవడానికే ఆమెకు ఇన్నేళ్ళూ తర్ఫీదు దొరికింది. ఆ మూడో వాక్యం దగ్గర ఆమె కలం ఒక్క నిమిషం ఆగి, ఆ కొందరు ఎవరు, ఎందుకు వచ్చారు, ఎంతసేపటి నుంచి ఎండలో ఉన్నారు అని కింది ఉద్యోగిని అడిగితే, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నది ఆమెకు పనికొచ్చినట్టే.